కొరినెబాక్టీరియంలో ఏ జన్యువు లేకపోయినా ఫర్వాలేదో తేల్చడం ఎలా?

అమైనో ఆమ్లాల తయారీకి పరిశ్రమల్లో వాడే కొరినెబాక్టీరియం గ్లుటామికం అనే బాక్టీరియాలో అనవసరమైన జన్యువులను ఒక్కొక్కటిగా తీసి చూడాలా, పెద్ద ముక్కలే తీయొచ్చా, తీశాక బతికితే అది అనవసరమైనదనే అర్థమా అని అడిగారు. పీహెచ్‌డీలో నేను పనిచేసింది ఈ బాక్టీరియాతోనే. ముక్కలుగానే తీయండి. కానీ "బతికింది కదా" అని అక్కడితో ఆగిపోకండి.

2015లో జర్మనీలోని యూలిష్ పరిశోధన కేంద్రం బృందం వాళ్లు 3.7 నుంచి 49.7 కిలోబేస్‌ల (ఒక కిలోబేస్ అంటే వెయ్యి డీఎన్‌ఏ అక్షరాలు) దాకా ఉన్న 41 జీనోమ్ ముక్కలను ఎంచుకున్నారు. 36 తీయగలిగారు. వాటిలో 10 ముక్కలు పోయినప్పుడు కణాలు చావలేదు గానీ పెరుగుదల తగ్గింది. పరిశ్రమకు అలాంటి స్ట్రెయిన్‌తో (బాక్టీరియా రకంతో) లాభం లేదు. మిగిలిన 26 ముక్కలే నిజంగా వదులుకోదగ్గవి. కాబట్టి ప్రతి డిలీషన్‌కూ (ముక్క తీసేసిన స్ట్రెయిన్‌కూ) వైల్డ్ టైప్‌ను, అంటే ఏమీ తీయని అసలు బాక్టీరియాను పక్కనే పెంచి, వృద్ధి రేటు కొలిచి తీరాలి.

ముక్క తీయడానికి వాడేది పీకే19మాబ్‌సాక్‌బీ ప్లాస్మిడ్, అంటే కణంలోకి ఎక్కించే చిన్న డీఎన్‌ఏ వలయం. కెనామైసిన్ అనే యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువు, సుక్రోజ్ (చక్కెర) ఉంటే కణాన్ని చంపే సాక్‌బీ జన్యువు దాని మీద ఉంటాయి. మొదటి క్రాసోవర్ అయిన (ప్లాస్మిడ్ జీనోమ్‌లో అతుక్కున్న) కణాలను కెనామైసిన్ లేకుండా రాత్రంతా పెంచి, 10% సుక్రోజ్ ప్లేటు మీద పరవాలి. తెల్లారేసరికి ప్లేటు నిండిపోదు, కాస్త ఓపిక పట్టాలి. వచ్చిన పసుపు కాలనీలను టూత్‌పిక్‌తో ముందు కెనామైసిన్ ప్లేటు మీద, తర్వాత సుక్రోజ్ ప్లేటు మీద గీస్తాం. రెంటిలోనూ పెరిగితే సాక్‌బీ పాడైందన్నమాట, పక్కన పెట్టేయండి. సుక్రోజ్ మీద మాత్రమే పెరిగినవాటికి పీసీఆర్ (ముక్క ఉందో పోయిందో చూపే డీఎన్‌ఏ పరీక్ష) చేయండి. ప్లాస్మిడ్ జీనోమ్ నుంచి బయటికి పోయేటప్పుడు ఆ ముక్క పోవచ్చు, మిగిలిపోనూ వచ్చు. ఆ ముక్క అక్కర్లేనిదైతే దాదాపు సగం కాలనీల్లో డిలీషన్ కనిపించాలి.

అన్నీ వైల్డ్ టైపే వస్తే టెన్షన్ మొదలవుతుంది. అలాగని జన్యువు అత్యవసరమని వెంటనే రాసేయకండి. దాని కాపీని వేరే ప్లాస్మిడ్ మీద ఇచ్చి మళ్లీ ప్రయత్నించండి. అప్పుడు డిలీషన్ వస్తే మీ అనుమానానికి బలం చేకూరుతుంది. అప్పటికీ రాకపోతే ముందు మీ ప్లాస్మిడ్ డిజైన్‌నే చూసుకోండి.

మీడియం (కణాలను పెంచే పోషక ద్రావణం) సంగతి ఇంకా ముఖ్యం. లూసిన్ అనే అమైనో ఆమ్లం తయారీ జన్యువు తీసేసిన కణాలు పోషకాలు దండిగా ఉన్న బీహెచ్‌ఐ మీడియంలో హాయిగా పెరుగుతాయి, అవే లూసిన్ లేని సీజీ-XII మీడియంలో అసలు పెరగవు. నన్నడిగితే చివరికి ఫెర్మెంటర్‌లో (బాక్టీరియాను పెంచే పెద్ద తొట్టిలో) ఏ మీడియం వాడతారో అందులోనే పరీక్షించాలి. విడివిడిగా హాని చేయని రెండు డిలీషన్లు ఒకే స్ట్రెయిన్‌లో కలిస్తే దెబ్బతీయొచ్చు కూడా. ఒకదాని పని ఇంకొకటి చేస్తూ ఉండి ఉంటుంది. అందుకే కలిపిన ప్రతిసారీ పెరుగుదల మళ్లీ కొలవండి.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, ప్రొఫేజ్‌లతో, అంటే బాక్టీరియా జీనోమ్‌లో ఇమిడిపోయిన వైరస్ డీఎన్‌ఏతో. మూడు ప్రొఫేజ్‌లు తీసేసిన ఎంబీ001 అనే స్ట్రెయిన్ 2013లోనే వచ్చింది. జీనోమ్‌లో సుమారు 6% పోయినా మామూలు పరిస్థితుల్లో పెరుగుదల తగ్గలేదు. బయటి డీఎన్‌ఏను కత్తిరించే రిస్ట్రిక్షన్ జన్యువులు వాటిలో ఒక ప్రొఫేజ్‌లోనే ఉండేవి. అవి పోవడంతో ప్లాస్మిడ్ ఎక్కించడం సులువవుతుంది, తర్వాతి డిలీషన్లన్నిటికీ అది పనికొస్తుంది.