సైకాలజిస్టు అంటే పిచ్చి డాక్టరేనా? మా తమ్ముడి విషయంలో మాకు తెలిసింది

మీ చెల్లెలు సైకాలజీ చదువుతానంటే ఇంట్లో "పిచ్చి డాక్టరు చదువెందుకు" అంటున్నారని, అసలు సైకాలజిస్టు ఏం చేస్తారు, ఆ పేరుకు అర్థమేమిటి అని అడిగారు. మూడేళ్ల కిందటైతే నేనూ మీ ఇంట్లోవాళ్ల మాటే అనేవాణ్ని.

మాది రాజోలు దగ్గర. తమ్ముడు చెరువులో వనామీ రొయ్య వేస్తే వైట్ స్పాట్ అనే తెగులు వచ్చి మొత్తం పోయింది. చెరువు ఎండగట్టేశాం. అయినా వాడు రాత్రి రెండింటికి ఉలిక్కిపడి లేచేవాడు, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోయాయని! కరెంటు పోయి ఏరియేటర్ ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి రొయ్య చచ్చిపోతుంది. అందుకే గట్టు మీద షెడ్డులో పడుకునేవాళ్లకి ఆ మోత ఉంటేనే నిద్ర, ఆగితే మెలకువ. చెరువులో చుక్క నీరు లేకపోయినా, ఇంట్లో నిశ్శబ్దం వాడిని లేపేసేది. గుండె దడ, ఒళ్లంతా చెమటలు. టార్చి పట్టుకుని ఎండిన చెరువు చూసొస్తేగానీ కుదురుండేది కాదు. ఈసీజీ బాగానే ఉందన్నారు. అమ్మ తాయెత్తు కట్టించింది.

మొదట దగ్గర టౌనులో సైకాలజిస్టని బోర్డున్న ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. మొహం చూసి "మీది సున్నితమైన మనస్తత్వం" అని, పాజిటివ్‌గా ఆలోచించమని పంపేశాడు. ఏదో కొన్ని నెలల కోర్సు చేశాడని తర్వాత తెలిసింది. మన తెలుగు పేరుతోనూ చిక్కు ఉందనిపిస్తుంది నాకు. మనస్తత్వం అంటే మనకి "వాడి తీరు అంతే" అనే అర్థం. దాంతో మనస్తత్వవేత్త అంటే మనిషిని చూడగానే లోపలున్నది చెప్పేసేవాడు అనుకుంటాం, జాతకం చెప్పినట్టు. ఇంగ్లీషు పేరు గ్రీకు మాటల నుంచి వచ్చింది. సైకీ అంటే మొదట్లో ఊపిరి, తర్వాత ఆత్మ, మనసు. మనం ప్రాణం అనే మాటని వాడినట్టే. లోగోస్ అంటే ఇక్కడ శాస్త్రం. సైకియాట్రిస్టులో రెండో ముక్క వైద్యుడు అనే మాట. తేడా అక్కడే ఉంది. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివి, ఆ మీద సైకియాట్రీలో పీజీ చేసిన డాక్టరు, మందులు రాస్తారు. సైకాలజిస్టు మన దేశంలో మందులు రాయరు.

ఆఖరికి కాకినాడలో సైకియాట్రిస్టుకి చూపించాం. ఆయన కొన్ని వారాలకి మాత్రలిచ్చి, పక్క గదిలో ఉన్న క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపారు. ఆవిడ ముందు ప్రశ్నల కాగితం నింపించారు, తర్వాత ముప్పావుగంట వాడి చేతే మాట్లాడించారు. సలహా ఒక్కటీ ఇవ్వలేదు. నాకైతే డబ్బులు దండగనిపించింది.

రెండోసారి ఆవిడ "చెరువుకి పుస్తకం రాసేవారా?" అని అడిగారు. మేత ఎంత, చెక్ ట్రేలో (రొయ్య మేత తింటోందో లేదో చూసే పళ్లెం) ఎంత మిగిలింది, రోజూ రాసేవాడు కదా. అదే పుస్తకంలో ఖాళీ పేజీల్లో కొత్త గడులు గీయించారు: లేచిన టైము, అప్పుడొచ్చిన ఆలోచన, భయం పదికి ఎంత, చెరువు దగ్గరికి వెళ్లాడా లేదా. తర్వాతి వారం నుంచి లేవగానే వెళ్లకుండా పది నిమిషాలు ఆగడం, ఆ పైన ఇరవై. ఆగితే భయం దానంతటదే తొమ్మిది నుంచి నాలుగుకి దిగడం వాడే తన చేతిరాతలో చూసుకున్నాడు. చెక్ ట్రే చూడకుండా మేత వెయ్యం కదన్నయ్యా, ఆవిడ చేసేదీ అదే, అన్నాడు వాడు. నేను ఇంతకంటే బాగా చెప్పలేను.

సైకాలజిస్టులందరూ ఇదే పని చెయ్యరు. బళ్లలో చదువు రాని పిల్లల్ని పరీక్షించేవాళ్లు, కంపెనీల్లో పనిచేసేవాళ్లు, పరిశోధన చేసేవాళ్లు కూడా ఉంటారు. మీ చెల్లెలు రోగుల్ని చూడాలనుకుంటే మాత్రం మామూలు సైకాలజీ పీజీతో ఆగకూడదు. రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ గుర్తింపు ఉన్న క్లినికల్ సైకాలజీ కోర్సు చేసి, అక్కడ రిజిస్టర్ కావాలి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలోనూ క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎవరో రాసే ఉంది. మీరు ఎవరి దగ్గరికైనా వెళ్తే ఆ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, మొహమాటపడొద్దు. దూరం వెళ్లలేకపోతే మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం నడిపే టెలి మానస్‌కి, 14416 నంబరుకి ఫోన్ చెయ్యొచ్చు, డబ్బులు అక్కర్లేదు.

తమ్ముడు ఈ ఏడు చెరువులో మళ్లీ రొయ్య పిల్ల వేశాడు. అప్పుడప్పుడు లేస్తాడు, రాసుకుంటాడు, పడుకుంటాడు. అమ్మ మాత్రం ఇప్పటికీ ఎవరడిగినా "నిద్ర డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాడండి" అంటుంది. ఆవిడ డాక్టరు కాదమ్మా అంటే వినదు.