చిన్న పందేల పోకర్: గది తన సొమ్ము ఎలా తీసుకుంటుందో ముందు చూడండి

మాస్టారూ, మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఒంగోలు క్లబ్బులో ఏళ్ల తరబడి పదమూడు ముక్కల రమ్మీ ఆడిన మీరు, డాలస్‌లో ఉన్న అబ్బాయి దగ్గరికి ఆరు నెలలు వెళుతున్నారు. అక్కడ 1-3 డాలర్ల పోకర్ టేబుల్ దగ్గర, అంటే ముక్కలు చూడకముందే వంతు ప్రకారం ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు (బ్లైండ్లు) 1, 3 డాలర్లుగా ఉన్న చోట, కూర్చోవాలని మీకు కోరికగా ఉంది. ఏ పోకర్ గదిలో ఎదుటి ఆటగాళ్లు తేలికగా దొరుకుతారు, ముందుగా గోవా వెళ్లి చేయి అలవాటు చేసుకోవాలా, ఎంత సొమ్ము దగ్గర ఉంచుకోవాలి అని అడిగారు. నాది కావలి. ఉద్యోగరీత్యా మొదట శాన్ హోసేలోనూ, తర్వాత డాలస్‌కు ఉత్తరాన ఉన్న ప్లేనోలోనూ ఉన్నాను. సెలవులకు లాస్ వేగస్ వెళ్లేవాడిని, నెల్లూరు తిరిగి వచ్చాక గోవా ఓడల మీదా ఆడాను. ఎక్కడా పెద్ద టేబుల్ జోలికి పోలేదు కాబట్టి నేను చెప్పేదంతా అట్టడుగు పందేల సంగతే.

ఆటగాళ్లు ఎక్కడ తేలిక అన్న మాటను కాసేపు పక్కన పెట్టండి. 1-3 టేబుల్ దగ్గర కూర్చునేవాళ్లు నేను చూసినంతలో అన్ని ఊళ్లలోనూ ఇంచుమించు ఒకే తీరు: అవసరానికి మించి హ్యాండ్లు (ఒక్కోసారి పంచిన ఆటలు) ఆడతారు, పందెం పెంచవలసిన చోట ఊరికే కాల్ చేస్తారు, అంటే ఎదుటివాడు కాసినంతే కాస్తారు, టేబుల్ మధ్యలో పరిచే ముక్కల్లో చివరిది పడ్డాక ఉన్నట్టుండి పెద్ద పందెం కాశారంటే వాళ్ల దగ్గర నిజంగానే పెద్ద ముక్కలు ఉంటాయి. గదికీ గదికీ అసలు తేడా మరొక చోట ఉంది. పోకర్‌లో మీరు ఆడేది కాసినోతో కాదు, ఎదురుగా కూర్చున్న మనుషులతో. అందువల్ల గది తన ఖర్చునూ లాభాన్నీ టేబుల్ మీది సొమ్ములోంచే ఏదో ఒక రూపంలో లాగుకోవాలి. ఆ లాగుకునే పద్ధతి ఏమిటో తెలుసుకుని దానికి తగినట్టు ఆడనివాడు, ఎదుటివాళ్లకంటే కాస్త మెరుగ్గా ఆడుతున్నా కూడా నెల తిరిగేసరికి జేబు తడుముకుంటాడు. ధాన్యం కాటా దగ్గర పుట్టికి ఇంతని తీసే తరుగులాగా, ఒక్కోసారి చూస్తే చిన్నదే, పంట మొత్తం మీద చూస్తేనే దాని బరువు తెలుస్తుంది.

లాస్ వేగస్ పద్ధతితో మొదలుపెడతాను. అక్కడ ప్రతి హ్యాండ్‌లోనూ పాట్‌లో, అంటే మధ్యలో పోగుపడిన పందెంలో, సాధారణంగా 10 శాతం చొప్పున రేక్ తీస్తారు; దానికి 4 లేదా 5 డాలర్ల దగ్గర హద్దు ఉంటుంది. జాక్‌పాట్ నిధి (అరుదైన ముక్కలు పడినవారికి ఇచ్చే బహుమతి సొమ్ము) పేరుతో మరో డాలరో రెండు డాలర్లో వేరుగా తీస్తారు. టేబుల్ మధ్యలో మొదటి మూడు ముక్కలు, అంటే ఫ్లాప్, పరవకముందే హ్యాండ్ ముగిసిపోతే ఏమీ తీయరు. డీలరు చేతిని గమనించండి. పాట్ పెరిగేకొద్దీ అందులోంచి ఒక్కొక్క డాలరు చిప్ (డబ్బుకు బదులుగా వాడే బిళ్ల) తీసి తన పక్కనున్న చిన్న గాడి మీద పేరుస్తూ వస్తాడు; గెలిచినవాడి వైపు పాట్ తోశాక ఒక మీట నొక్కుతాడు, ఆ చిప్స్ అడుగునున్న ఇనుప పెట్టెలోకి టకటకా జారిపోతాయి. గెలిచినవాడు తన చిప్స్ దొంతులు పేర్చుకునే హడావుడిలో ఉంటాడు కాబట్టి ఆ చప్పుడు వినిపించుకోడు.

దాని ఉజ్జాయింపు లెక్క ఇలా ఉంటుంది. గంటకు 30 హ్యాండ్ల దాకా నడుస్తాయి. ఒక్కో హ్యాండ్‌లో రేకూ జాక్‌పాట్ కోతా కలిపి సగటున 5 డాలర్లు, గెలిచినవాడు డీలరుకు ఇచ్చే టిప్ 1 డాలరు అనుకుంటే, గంటకు 180 డాలర్లు టేబుల్ దిగి వెళ్లిపోతాయి. తొమ్మిది మంది కూర్చుంటే తలకు 20 డాలర్లు, మన లెక్కలో 1,700 రూపాయలకు పైమాటే. అయితే ఈ భారం అందరి మీదా సమానంగా పడదన్నది అసలు కిటుకు. పాట్ గెలిచినవాడే రేక్ కడతాడు. ముక్కలు బాగాలేవని పడేసి కూర్చున్నవాడికి బ్లైండ్లు తప్ప ఖర్చు లేదు. రమ్మీలో మొదటి డ్రాపు ఎప్పుడు కొట్టాలో తెలిసిన మీలాంటి ఓపికస్తులకు వేగస్ తరహా గది అనుకూలం: తక్కువ హ్యాండ్లు ఆడండి, ఆడినప్పుడు పాట్‌ను పెద్దది చేయండి. 50 డాలర్ల పాట్‌లోనూ 300 డాలర్ల పాట్‌లోనూ గది తీసేది ఆ హద్దు వరకే కదా.

కాలిఫోర్నియాకు వెళితే లెక్క తిరగబడుతుంది. ఆ రాష్ట్ర శిక్షాస్మృతిలోని 330వ సెక్షను శాతం ప్రకారం వాటా తీసే ఆటలను నిషేధించింది. అందుకని అక్కడి కార్డ్ రూములు పాట్ ఎంతున్నా ఒకే మొత్తాన్ని తీసుకుంటాయి. శాన్ హోసే చుట్టుపక్కల నేను ఆడిన చిన్న టేబుళ్లలో ఫ్లాప్ పడగానే ఐదారు డాలర్లు పక్కకు వెళ్లిపోయేవి. ఐదుగురు తలా 3 డాలర్లు పెట్టి ఫ్లాప్ చూశారనుకోండి, పాట్ 15 డాలర్లు. అందులో 6 పోతే మిగిలేది 9. ఆ 9 గెలిచి డీలరుకు 1 ఇస్తే, మీరు పెట్టిన 3 తీసేశాక చేతికి వచ్చింది 5 డాలర్లు. అటువంటి చిన్న పాట్‌ల కోసం ఎగబడటం కూలి గిట్టని పని. అక్కడ చేయవలసింది, మంచి ముక్కలుంటే మొదటి వంతులోనే గట్టిగా పెంచి ఒకరిద్దరితో పెద్ద పాట్ ఆడటం, లేదంటే అసలు దిగకపోవడం. బై-ఇన్ హద్దు, అంటే కూర్చునేటప్పుడు ఎంత సొమ్ముకు చిప్స్ కొననిస్తారో, అది కూడా అడగండి. లాస్ ఏంజెలెస్ వైపు కొన్ని అట్టడుగు టేబుళ్లలో 100 డాలర్లకు మించి కొననివ్వరు. అంత కొద్ది సొమ్ముతో రెండు పందేలు పడేసరికి మొత్తం తోసేయవలసి వస్తుంది, ఆలోచనకు చోటు ఉండదు. ఆ టేబుళ్లు నాకు నచ్చలేదు.

ఇక మీకు కావలసిన టెక్సాస్. అక్కడ లైసెన్సు పొందిన వాణిజ్య కాసినోలు లేవు. ఉన్నవి సభ్యత్వం మీద నడిచే పోకర్ క్లబ్బులు. ప్రైవేటు చోట, ఆటలో గెలిచిన సొమ్ము తప్ప ఎవరికీ మరో ఆర్థిక లాభం లేకుండా, అందరికీ గెలుపోటముల అవకాశం సమానంగా ఉన్న ఆటకు ఆ రాష్ట్ర చట్టంలో మినహాయింపు ఉంది. క్లబ్బులు దాన్ని ఆధారం చేసుకుని, పాట్‌లోంచి పైసా ముట్టకుండా, కుర్చీకి గంటకింత అని వసూలు చేస్తాయి. మన ప్రాంతపు క్లబ్బులు తెలిసిన మీకు ఇది కొత్తగా అనిపించదు. 1968లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ సత్యనారాయణకూ మధ్య నడిచిన కేసులో, రమ్మీలో నేర్పుదే పైచేయి అని సుప్రీంకోర్టు చెప్పింది కదా. అదే తీర్పులో, క్లబ్బు పేకకూ కూర్చున్నందుకూ కొద్దిపాటి రుసుము తీసుకున్నంత మాత్రాన అది జూదగృహం అయిపోదని కూడా అన్నది. సికింద్రాబాదు రమ్మీ క్లబ్బుకూ డాలస్ పోకర్ క్లబ్బుకూ వాదన ఒక్కటే కావడం నాకు ఇప్పటికీ విచిత్రంగానే తోస్తుంది. అయితే టెక్సాస్‌లో ఆ వాదన అందరూ ఒప్పుకున్నది కాదు. డాలస్ నగరపాలక సంస్థకూ క్లబ్బులకూ మధ్య కోర్టు వివాదాలు నడిచాయి. కాబట్టి బయలుదేరే రోజున ఆ క్లబ్బు తెరిచి ఉందో లేదో చూసుకోండి.

నేను వెళ్లిన రోజుల్లో సీటు రుసుము గంటకు 10 నుంచి 15 డాలర్ల మధ్య ఉండేది, సభ్యత్వానికి వేరు. పైన చెప్పిన తలసరి 20 డాలర్లతో పోలిస్తే చౌకే. కానీ ఇక్కడ ఊరికే కూర్చున్నవాడికీ గడియారం తిరుగుతూనే ఉంటుంది. టీ తాగడానికి లేచినా, అబ్బాయితో ఫోన్ మాట్లాడటానికి బయటికి వెళ్లినా, రుసుము రుసుమే. వేగస్‌లో ఓపికగా ముక్కలు పడేసే మనిషికి ఉన్న లాభం ఇక్కడ కరిగిపోతుంది. అందుకు బదులుగా చిన్న పాట్‌లు పూర్తిగా గెలిచినవాడివే కాబట్టి, డీలరు వంతు (పంచేది గది మనిషే అయినా ఆటగాళ్ల మధ్య వరుసగా తిరిగే గుర్తు) మీ దగ్గర ఉన్నప్పుడు సాధారణమైన ముక్కలతో కూడా రైజ్ చేసి, అంటే పందెం పెంచి, బ్లైండ్లు లాక్కోవడం గిట్టుబాటవుతుంది. ఒక హెచ్చరిక: టెక్సాస్‌లో 1-3 అని రాసి ఉన్న టేబుల్ నిజానికి 1-3 కాకపోవచ్చు. స్ట్రాడిల్ పేరుతో ఎవరో ఒకరు ముక్కలు చూడకుండానే 6 డాలర్లో 10 డాలర్లో పెట్టేస్తుంటారు. అప్పుడు మీ 300 డాలర్లు సగం విలువకు దిగజారిపోతాయి. సీట్లు సర్దే ఫ్లోర్ మనిషి మీ పేరు పిలిచినా, సీట్లో కూర్చునే ముందు ఐదారు హ్యాండ్లు నిలబడి చూడండి.

డాలస్‌లో ఉండి రేక్ పద్ధతి గది కావాలంటే ఉత్తరంగా రెడ్ రివర్ దాటి ఓక్లహోమాలోకి వెళ్లాలి. నది దాటగానే థాకర్‌విల్‌లో చికసా జాతివారి విన్‌స్టార్ కాసినో ఉంది, కారులో గంటకు పైచిలుకు దూరం. మొదటిసారికి మీకు నేను అక్కడే సిఫారసు చేస్తాను. వారం మధ్యలో పగటిపూట వెళితే ఉద్యోగ విరమణ చేసిన పెద్దలే ఎక్కువగా కనిపిస్తారు, ఆట నింపాదిగా సాగుతుంది. జాక్‌పాట్ ఆశ మాత్రం పెట్టుకోవద్దు. మీ పాట్‌ల నుంచి దానికి కోత పడుతూనే ఉంటుంది. పెద్ద మొత్తం తగిలినా, అమెరికా నివాసి కాని మనిషికి 30 శాతం పన్ను అక్కడే పట్టుకుంటారు.

గోవా సంగతి. మన దేశంలో లైసెన్సుతో కాసినోలు నడుస్తున్నది గోవాలోనూ సిక్కింలోనూ మాత్రమే. పణజిలో మాండోవి నది మీద లంగరేసిన ఓడల్లోకి చిన్న పడవలో తీసుకుపోతారు, ప్రవేశ రుసుములోనే భోజనమూ పానీయాలూ కలిసి ఉంటాయి. ప్రయాణానికి మీకు మార్కాపురం రోడ్డు స్టేషనులో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కడం సుఖం, గోవాలోని వాస్కో దాకా దిగే పని లేదు. కాకపోతే అది వారంలో అన్ని రోజులూ నడవదు. ఆట విషయానికి వస్తే నేను ఆడినప్పుడు అట్టడుగు టేబుల్ 100-200 రూపాయలది. పేరుకు 1-3 డాలర్ల టేబుల్ కంటే చిన్నదే గానీ, బెంగళూరు, హైదరాబాదు, ముంబయి నుంచి వచ్చిన కుర్రాళ్లు ఒక్కొక్కరు ముందర 50 వేలు పేర్చుకుని ఆడుతుంటే అది చిన్న ఆటగా మిగలదు. వాళ్లు ఆన్‌లైనులో ఆడి రాటుదేలినవాళ్లు. అమెరికా టేబుళ్లకంటే గోవా టేబుళ్లే నాకు కష్టమనిపించాయి. దానికి తోడు పన్ను: కాసినోల మీద జీఎస్టీ 2023 అక్టోబరు నుంచి చిప్స్ ముఖవిలువ మీద 28 శాతం ఉండగా, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతానికి పెరిగింది. మీరు ఇచ్చిన 10,000కు పోకర్ చిప్స్ ఎన్ని చేతికి వస్తాయో కౌంటరు దగ్గర ముందే అడిగి తెలుసుకోండి. ప్రవేశ రుసుముతో ఇచ్చే చిప్స్ పోకర్ టేబుల్ మీద చెల్లుతాయా అన్నదీ అడగండి. గెలుపు మీద 30 శాతం ఆదాయపు పన్ను, అందులో ఖర్చులేవీ తీసివేయనివ్వరు. చేయి అలవాటు కావడానికే అయితే గోవా వద్దు. 2020లో మన రాష్ట్రమూ, 2025లో కేంద్రమూ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైను ఆటలను నిషేధించాయి కాబట్టి ఫోనులో ఆ దారి కూడా లేదు. ఇంట్లో నలుగురిని కూర్చోబెట్టి చింతపిక్కలు పందెంగా పెట్టుకుని ఆడినా క్రమం ఒంటబడుతుంది.

రమ్మీ అలవాట్లు కొన్ని అక్కడ అడ్డుపడతాయి. రమ్మీలో ముక్కలు చేతిలో విప్పి పట్టుకుంటాం. పోకర్‌లో మీ రెండు ముక్కలను టేబుల్ మీదే అంచు ఎత్తి చూసుకుని, పైన ఒక చిప్ పెట్టి ఉంచాలి. లేకపోతే మీరు పడేశారనుకుని డీలరు ఊడ్చేసే ప్రమాదం ఉంది. మీరే గెలిచారని అందరూ అన్నా సరే, పాట్ మీ ముందుకు వచ్చేదాకా ముక్కల మీది చేయి తీయవద్దు. పందెం ఒకే కదలికలో పెట్టాలి. పది పెట్టి, మళ్లీ దొంతి దగ్గరికి చేయి పోనిచ్చి ఇంకో ఇరవై పెడితే రెండోది చెల్లదు. ఎదుటివాడు 10 కాసినప్పుడు మీరు నోరు మెదపకుండా ఒకే ఒక 25 డాలర్ల చిప్ వేస్తే అది రైజ్ కాదు, కాల్ మాత్రమే. అందుకని మీ వంతు రాగానే ఏం చేయదలచుకున్నారో ముందు నోటితో చెప్పండి. నోటిమాటకే అక్కడ విలువ. హ్యాండ్ నడుస్తుండగా జేబులోంచి నోటు తీసి కలపడం కుదరదు.

సొమ్ము విషయంలో నా లెక్క ఇది: ఒక బై-ఇన్ 300 డాలర్లు, అంటే పెద్ద బ్లైండుకు వంద రెట్లు. ఒక రోజుకు రెండు బై-ఇన్లు తీసుకువెళ్లండి, మూడోది ఇంట్లోనే ఉండనివ్వండి. ఆరు నెలల మొత్తానికి ఇంత అని ముందే విడిగా తీసి పెట్టుకోండి, అందులో అబ్బాయి కార్డు కలవకూడదు. బాగా ఆడేవాడికి కూడా వరుసగా వారాల తరబడి పోయే రోజులు ఉంటాయి.

అబ్బాయి కూడా వస్తానంటే ఒకే టేబుల్ దగ్గర కూర్చోవద్దు. హ్యాండ్ నడుస్తున్నంతసేపూ ఇంగ్లీషు తప్ప మరో భాష మాట్లాడకూడదన్నది అమెరికా గదుల నియమం, "ఏం నాన్నా, పడేశావా?" అని మీరు మామూలుగా అన్నా డీలరు ఆట ఆపి హెచ్చరిస్తాడు, మిగతావాళ్లు కుమ్మక్కయ్యారేమోనని చూస్తారు. పేరు రాయించేటప్పుడే వేర్వేరు టేబుళ్లు కావాలని చెప్పండి, ఫ్లోర్ మనిషి అలాగే సర్దుతాడు.