పెళ్లవుతుందని తెలిసీ ఎందుకు చదువుతాం?

ప్రశ్న: పిల్లలు వేసవి సెలవులకి అమ్మమ్మగారింటికి వెళ్లడంతో ఈ నెల నాకు బోలెడంత తీరిక దొరికింది. మా అత్తయ్యగారు పత్రికల్లోంచి కత్తిరించి బైండు చేయించుకున్న పాత సీరియళ్లు అటక మీద కనబడ్డాయి. యద్దనపూడి సులోచనారాణి గారివి వరసపెట్టి చదివేశాను. ఆ ఊపులోనే ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’, ‘జేన్ ఎయిర్’, ఆ తర్వాత ఫోన్లో దొరికిన ఇప్పటి ప్రేమకథలు, తెలుగువీ ఇంగ్లిషువీ. మధ్యలో ఒక డిటెక్టివ్ నవల తప్పిస్తే నెలంతా ఇదే వరస. మొదట్లో అన్నం కూడా పుస్తకం పట్టుకునే తిన్నాను. నెలాఖరుకి వచ్చేసరికి ఏ హీరో ఏ కథలో వాడో కలగాపులగం అయిపోయింది, కొన్నిటిని సగంలోనే వదిలేశాను. కొన్ని మాత్రం ఇంకా బుర్రలో తిరుగుతూనే ఉన్నాయి. మా ఆయనేమో “చివరికి పెళ్లవుతుందని అట్ట చూస్తేనే తెలుస్తుంది కదా, ఇంక చదవడం దేనికి?” అంటారు. నాకు జవాబు తోచలేదు. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మధ్యలో చదివిన ఆ డిటెక్టివ్ నవలలో హంతకుడు దొరుకుతాడని మీకు ముందే తెలియదా? మరి దాన్ని చదివినప్పుడు మీ ఆయన ఏమీ అనలేదే! ప్రేమకథల దగ్గరికి వచ్చేసరికే అందరికీ ఈ అనుమానం వస్తుంది. వాళ్లిద్దరికీ పెళ్లవుతుందా లేదా అన్నది అసలు ప్రశ్నే కాదండీ. ఇన్నాళ్లూ ఎందుకు కాలేదు అన్నదే కథ. అడ్డం ఏమిటి, అది నిజంగా ఉన్న అడ్డమా, రచయిత తెచ్చి పెట్టిన అడ్డమా, అది తొలగడానికి ఎవరు ఏం వదులుకున్నారు – మీరు చదివిన వాటినన్నిటినీ ఈ లెక్కన ఒకసారి చూసుకోండి, ఏవి గుర్తున్నాయో ఏవి చెరిగిపోయాయో దానంతట అదే తేలిపోతుంది.

జేన్ ఆస్టెన్ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ (1813) సంగతే చూడండి. హీరో డార్సీ పొగరు, హీరోయిన్ ఎలిజబెత్ తొందరపాటు అని పైకి చెప్పుకుంటాం గానీ, అసలు గొడవంతా ఆస్తిది. ఎలిజబెత్ తండ్రి బెన్నెట్ గారికి ఐదుగురూ ఆడపిల్లలే, ఆయన పోతే ఇల్లూ పొలమూ కాలిన్స్ అనే దూరపు బంధువుకి పోతాయి. ఆ కాలిన్సే వచ్చి ఎలిజబెత్‌ని చేసుకుంటానంటే ఆమె వద్దంటుంది. మనం చప్పట్లు కొడతాం. కానీ రెండు రోజులు తిరక్కుండానే ఆమె స్నేహితురాలు షార్లెట్ అదే మనిషిని ఒప్పేసుకుంటుంది. ఆమెకి 27 ఏళ్లు, పెద్దగా కట్నం లేదు, అందగత్తె అని ఎవరూ అనరు. తర్వాత ఎలిజబెత్ వాళ్లింటికి చుట్టపుచూపుగా వెళ్లినప్పుడు ఒక చిన్న ముక్క ఉంటుంది, చాలామంది గమనించకుండా దాటేస్తారు. ఇంట్లో భోజనాల గది పెద్దది, బాగుంటుంది కూడా, అయినా ఆడవాళ్లు రోజూ కూర్చోవడానికి షార్లెట్ వెనకవైపు గది ఎంచుకుంది. ఎందుకా అని ఎలిజబెత్ మొదట ఆశ్చర్యపోయి, తర్వాత గ్రహిస్తుంది. ముందువైపు గదిలో కూర్చుంటే భర్తగారు ఊరికే అక్కడే చేరతారు! ఆయన్ని తోటపనిలో పెట్టడం కూడా ఒంటికి మంచిదని ఆవిడ ప్రోత్సహించే పనే. ప్రేమ లేని కాపురం ఎలా నెట్టుకురావాలో ఒక్క గది ఎంపికలో చెప్పేసింది ఆస్టెన్. ఎలిజబెత్‌కి దక్కిన అదృష్టం ఎంత అరుదైనదో ఆ వెనక గది చూశాకే మనకి అర్థమవుతుంది. అందుకే ఆ పుస్తకం మీకు ఇంకా గుర్తుంది.

‘జేన్ ఎయిర్’ (1847) లో అడ్డం ఏమిటంటే అందరూ హీరో రోచెస్టర్ మేడమీద దాచిన పిచ్చి భార్య అంటారు. నిజమే, కానీ నాకు నచ్చేది ఇంకోటి. జేన్‌కి బాబాయి ఆస్తి 20 వేల పౌండ్లు కలిసొస్తే, ముగ్గురు బంధువులకి పంచి తన వంతు 5 వేలే ఉంచుకుంటుంది. ఆ తర్వాతే రోచెస్టర్ దగ్గరికి వెళుతుంది, ఒకప్పటిలా అతనింట్లో జీతం తీసుకునే పంతులమ్మగా కాదు, తన డబ్బు తన దగ్గర ఉన్న మనిషిగా. మొదట్లోనే పెళ్లి జరిగిపోయి ఉంటే ఆమె అతని నగలు, అతని చీనాంబరాల కింద నలిగిపోయేది. ఆ పిల్ల పట్టుచీరల షాపులాంటి కొట్టులో ఇబ్బందిపడే ఘట్టం మళ్లీ తీసి చదవండి.

ఇప్పుడు మన యద్దనపూడి గారి ‘సెక్రటరీ’. 1966లో పుస్తకంగా వచ్చింది, పదేళ్లకి అక్కినేని, వాణిశ్రీలతో సినిమా అయింది. దాన్ని ఆరడుగుల అందగాడు, పడవలాంటి కారు అని వెక్కిరించేవాళ్లే ఎక్కువ. ఆ వెక్కిరింపులో కొంత నిజముంది, కాదనను. కానీ ఆ రోజుల్లో మధ్యతరగతి ఇళ్లలోంచి ఆడపిల్లలు ఆఫీసులకి వెళ్లడం అప్పుడప్పుడే మొదలైంది. జయంతికి ఉద్యోగం కావాలి, ఇచ్చేవాడు రాజశేఖరం, మనసు పడ్డదీ అతని మీదే. అతను చేసే ప్రతి సాయమూ ఆమెకి అనుమానంగానో అవమానంగానో తగులుతుంది. డబ్బున్నవాణ్ణి వల్లో వేసుకుంది అని లోకం అంటుందేమో, లేదా ఇతగాడే నన్ను అందరిలో ఒకతెగా చూస్తున్నాడేమో అన్న బాధ. ఈ అభిమానం, ఈ పంతం – ఇదీ అడ్డం. ఇప్పటి ఆఫీసుల్లో పనిచేసే ఆడపిల్లలకి ఇది అర్థం కాదంటారా? బాగానే అర్థమవుతుంది.

ఇక ఆ నవలల్లో అపార్థాలు ఎక్కువన్నది నిజం. ఎదురుగా కూర్చుని ఒక్క మాట అడిగితే తేలిపోయే విషయం పుంఖానుపుంఖాలుగా సాగుతుంది. దానికి రెండు కారణాలు. ఒకటి, ఆ రోజుల్లో పెళ్లికాని పిల్ల ఒక మగాడి ఎదుట కూర్చుని “నీ మనసులో ఏముంది?” అని అడగగలిగే వీలే తక్కువ. రెండోది మీ చేతిలోని బైండు పుస్తకమే చెబుతుంది. ఎక్కడెక్కడ ‘సశేషం’ అని పడిందో చూడండి. దానికి సరిగ్గా పై పేరాలోనే ఒక అలకో, తలుపు వెనక విన్న సగం మాటో, ఊహించని ఉత్తరమో ఉంటుంది. పాఠకులు వచ్చే సంచిక దాకా ఎదురుచూడాలి మరి! వాళ్లు రోజుల తరబడి ఎడం ఇచ్చి చదివినదాన్ని మీరు మధ్యాహ్నం భోజనం అయ్యాక మొదలుపెట్టి దీపాలు పెట్టేలోపు ముగిస్తే, అలక మీద అలక వచ్చిపడుతున్నట్టే ఉంటుంది. రోజుకి రెండు భాగాలు చొప్పున చదివి చూడండి, రుచి మారిపోతుంది.

ఫోన్లో చదివిన ఇప్పటి కథల్లో హీరోలు కలగాపులగం అయిపోవడానికి కారణం కూడా ఇదే అనుకుంటున్నాను. ప్రతిలిపి లాంటి యాప్‌ల పుణ్యమా అని సీరియల్ మళ్లీ వచ్చింది, సంతోషం, వాటిల్లో బాగా రాసేవాళ్లూ ఉన్నారు. కానీ చాలా కథలు పాత అడ్డాన్నే పట్టుకొచ్చి కొత్త ఇంట్లో పెడుతున్నాయి. అబ్బాయి మాల్‌లో ఎవరో అమ్మాయితో కనబడతాడు, ఈ పిల్ల ఏడ్చుకుంటూ వెళ్లిపోతుంది, ముప్పై భాగాల తర్వాత ఆ అమ్మాయి అతని చెల్లెలని తేలుతుంది. ఒరే నాయనా, చేతిలో వాట్సాప్ ఉంది కదా, ఆ మాటేదో అడిగేస్తే పోదా! ఇలాంటి చోట పుస్తకం మూసేస్తే మీ తప్పేం లేదు.

నాకున్న అసలు ఫిర్యాదు ఇంకొకటి. మన పాపులర్ ప్రేమ నవలల్లో డబ్బు అడ్డం వస్తుంది, అంతస్తు అడ్డం వస్తుంది, మేనత్త అడ్డం వస్తుంది, కులం మాత్రం ఎక్కడా ఎదురుపడదు. పేదింటి పిల్ల, కోటీశ్వరుడు కలిసిపోతారు గానీ వాళ్ల ఇంటిపేర్లేమిటో మనకెవరూ చెప్పరు. తెలుగునాట నిజంగా పెళ్లిళ్లు ఆపేది ఏమిటో పాఠకులకి తెలుసు, రచయితలకీ తెలుసు, అయినా ఇద్దరూ కలిసి ఆ వైపు చూడకూడదని ఒప్పందం చేసుకున్నట్టు ఉంటుంది. రంగనాయకమ్మ గారి ‘బలిపీఠం’ ఆ వైపు చూసింది. బ్రాహ్మణ ఇంట్లో పుట్టిన అరుణకీ, దళితుడైన భాస్కర్‌కీ పెళ్లి జరుగుతుంది, కానీ కులం ఆ పెళ్లితో పోలేదు, కాపురానికి వాళ్ల వెంటే వచ్చింది. అది ప్రేమకథ కాదు, దాన్ని చదివితే హాయిగా నిద్రపట్టదు కూడా. అయినా మీరు చదివిన జాబితా పక్కన పెట్టుకుని చదవాల్సిన పుస్తకం.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మెట్రోలో ప్రేమ నవల చదువుతుంటే ఫ్రెండ్స్ ఏడిపిస్తున్నారు. మగవాళ్లు రొమాన్స్ చదవకూడదా సార్?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందుగా, నేను సార్‌ని కాదు, మేడమ్‌ని. ప్రేమ నవలకి జవాబు చెప్పేది మగవాళ్లనుకున్నారంటే మీకు పక్షపాతం లేదనే అర్థం, సంతోషం. మీ ఫ్రెండ్స్‌ని వాళ్ల నాన్నగార్లని కనుక్కోమనండి. ఒకప్పుడు యండమూరి ‘వెన్నెల్లో ఆడపిల్ల’ చదవని కుర్రాళ్లు తక్కువ. దాన్ని వాళ్లు రొమాన్స్ అని పిలుచుకోలేదు, అంతే. చదరంగం ఆటగాడు రేవంత్‌కి ఒకమ్మాయి ఫోన్ చేస్తుంది, నేనెవరో కనుక్కో చూద్దాం అని పజిల్స్ ఇస్తుంది. మొత్తం నవల నిలబడ్డది ఆ ల్యాండ్‌లైన్ మీదే. ట్రూకాలర్ ఉండి ఉంటే పదో పేజీలో ‘శుభం’ కార్డు పడేది! చివర ఏమవుతుందో చెప్పను, మెట్రోలో మాత్రం ఆ చివరి భాగం చదవకండి, పక్కవాళ్లు కంగారుపడతారు.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడు. ఇంగ్లిషు రొమాన్సులు తెగ చదువుతోంది. ఒకటి తెరిచి చూస్తే అందులో సీన్లు మరీ ఓపెన్‌గా ఉన్నాయి. నాకు టెన్షన్‌గా ఉంది. ఆపించాలా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఆపిస్తే ఆపదమ్మా, చాటుగా చదువుతుంది. మిల్స్ అండ్ బూన్ పుస్తకాన్ని ఫిజిక్స్ రికార్డు మధ్యలో దాచుకుని చదివిన తరం ఇప్పుడు తల్లులయ్యారు, మీకు తెలియనిది కాదు. ఆ కంపెనీ 1908లో లండన్‌లో మొదలైనప్పుడు అన్ని రకాల పుస్తకాలూ వేసేది, 1930ల నాటికి గానీ పూర్తిగా ప్రేమకథల వైపు తిరగలేదు. అప్పటి పెద్దవాళ్లూ ఇలాగే బెంగపెట్టుకుని ఉంటారు.

పదిహేడేళ్ల పిల్లకి అన్నీ తగినవి కావు, ఒప్పుకుంటాను, మరీ పెద్దవాళ్ల కోసం రాసినవి కొన్నాళ్లు పక్కన పెట్టమని చెప్పడంలో తప్పులేదు. కానీ నన్నడిగితే ముద్దు సీన్ల కంటే హీరో తీరు చూసుకోవాలి. పాత రొమాన్సుల్లో, తెలుగువైనా ఇంగ్లిషువైనా, చెయ్యి పట్టి లాగడం, వద్దన్నా వెంటపడటం, కోపంతో చెంపదెబ్బ – ఇవన్నీ ప్రేమ లెక్కలోనే పడిపోయేవి. ఇప్పటి వాటిల్లో “నీకిష్టమేనా?” అని అడిగే హీరోలు పెరిగారు, కానీ నీ ఫోన్ చూపించు, వాడితో మాట్లాడకు అని శాసించే హీరోలూ బాగానే అమ్ముడవుతున్నారు. మీరు తెరిచిన ఆ పుస్తకాన్నే పూర్తిగా చదివి, “ఈ అబ్బాయి మన ఇంటికి సంబంధం మాట్లాడటానికి వస్తే ఏమంటావే?” అని సరదాగా అడగండి. ఆ పిల్ల ఏం చెబుతుందో దాన్నిబట్టి మీకు టెన్షన్ అవసరమో కాదో తెలుస్తుంది. అడిగేటప్పుడు ఇంటర్ మార్కుల ఊసు మాత్రం ఎత్తకండి, సంభాషణ అక్కడితో సరి.

ప్రశ్న: ఇన్ని ప్రేమకథలు చదివాక మొహం మొత్తింది. ప్రేమ ఉండాలి, మామూలు ప్రేమకథ మాత్రం కాకూడదు. ఇంకోటి, చివరి పేజీ ముందే చూసే అలవాటు నాకుంది, తప్పా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పెళ్లి తర్వాత మొదలయ్యే కథలు పట్టుకోండి. రంగనాయకమ్మ గారి ‘స్వీట్ హోమ్’లో విమల, బుచ్చిబాబుల కాపురం చదువుతూ నవ్వుకుంటూనే, ఇంట్లో ఎవరి మాట ఎప్పుడు చెల్లుతోందో లెక్కేయడం మొదలుపెడతారు. ఇంగ్లిషు చదవగలిగితే ఆస్టెన్ ‘పర్సుయేషన్’. రచయిత్రి పోయాక 1817 డిసెంబర్లో బయటికొచ్చింది. పెద్దల మాట విని హీరోయిన్ యాన్ ఎనిమిదేళ్ల కిందట కాదన్న వెంట్‌వర్తే మళ్లీ ఎదురవుతాడు. ఆమెకి ఇప్పుడు 27, అతను నౌకాదళంలో పైకొచ్చి డబ్బు సంపాదించాడు, ఆమె పుట్టింటివాళ్లు అప్పులపాలై ఇల్లు అద్దెకిచ్చుకున్నారు. ఎవరి అంతస్తు ఎక్కడుందో తిరగబడిపోయింది. అపార్థాలు తక్కువ, మౌనం ఎక్కువ.

చివరి పేజీ నిక్షేపంగా చూసుకోండి, ఈ పుస్తకంలో దానివల్ల పోయేదేమీ లేదు. దానికి ముందు అధ్యాయంలో వెంట్‌వర్త్ రాసే ఉత్తరం ఒకటి ఉంది. దాన్ని మాత్రం ముందే తెరవకండి.