షూర్ ఎస్‌ఎం7బీ మైకుకు ఎలాంటి ఇంటర్‌ఫేస్ కావాలి – సమాధానం

నమస్కారమండీ. గుంటూరు బ్రాడీపేటలోని మీ ఇంట్లో షూర్ ఎస్‌ఎం7బీతో మీ అమ్మాయి కీర్తనలు రికార్డు చేస్తుంటే గొంతు సన్నగా వస్తోందనీ, గెయిన్ (మైకు సిగ్నల్‌ను పెంచే మోతాదు) పూర్తిగా పెంచితే బుస వినిపిస్తోందనీ, నాలుగు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటరుకు కలిపే పెట్టె) కొనమంటారా అనీ అడిగారు. ఇన్‌పుట్ల సంఖ్యకూ ఈ బుసకూ సంబంధం లేదు. గొంతుకొకటి, శ్రుతిపెట్టెకొకటి, రెండు చాలు.

అసలు చూడవలసింది గెయిన్. ఆ మైకు సిగ్నల్ చాలా బలహీనం కనుక కనీసం 60 డెసిబెల్స్ శుభ్రమైన గెయిన్ అవసరమవుతుంది. మీ దగ్గరున్న స్కార్లెట్ 2ఐ2 ఇంటర్‌ఫేస్ మూడో తరంలో గరిష్ఠ గెయిన్ 56 డెసిబెల్స్, నాలుగో తరంలో 69. ఇప్పుడే మార్చడం భారమైతే, మైకుకూ ఇంటర్‌ఫేస్‌కూ మధ్యలో సిగ్నల్‌ను పెంచే క్లౌడ్‌లిఫ్టర్ లాంటి బూస్టర్ పెట్టండి. దానికి కరెంటు అందాలంటే ఇంటర్‌ఫేస్ మీది 48 వోల్టుల బటన్ నొక్కి ఉండాలని మరువకండి.

చిన్న శబ్దాన్నీ పట్టేసే కండెన్సర్ రకం మైకుకు మాత్రం మారకండి. విజయవాడ సత్యనారాయణపురంలోని మా గదిలో దానితో పాడించినప్పుడు పల్లవికన్నా ముందు ఫ్యాను గాలి, వీధిలో ఆటో హారను స్పష్టంగా వినిపించాయి. ఏదైనా కొనే ముందు మైకును నోటికి నాలుగు వేళ్ల దూరానికి జరిపి ఒకసారి పాడించి చూడండి.