గోల్కొండ రాజులు ఏడుగురా, ఎనిమిది మందా?

ఒక పుస్తకంలో ఏడుగురు, ఇంకోదాంట్లో ఎనిమిది మంది ఉన్నారని అడిగారు కదండీ, టెన్షన్ పడకండి, తేడా అంతా 1550 దగ్గరే ఉంది. 1543లో తండ్రి, మొదటి రాజు సుల్తాన్ కులీని చంపించి జంషీద్ గద్దెనెక్కాడు, తమ్ముడు ఇబ్రహీం ప్రాణం దక్కించుకోవడానికి విజయనగరం పారిపోయి అళియ రామరాయల దగ్గర ఏడేళ్లు తలదాచుకున్నాడు. 1550లో జంషీద్ పోగానే చిన్నపిల్లాడైన కొడుకు సుభాన్‌ను కూర్చోబెట్టారు, కొన్ని నెలలకే ఇబ్రహీం తిరిగొచ్చి గద్దె తీసుకున్నాడు. ఆ పిల్లాడిని లెక్కేస్తే ఎనిమిది, వదిలేస్తే ఏడు. నన్నడిగితే వదలకూడదు, పాపం రాజైతే అయ్యాడుగా.

ఇక చార్మినార్, మక్కా మసీదు ఒకరే కట్టించారా అన్నారు, కాదు. చార్మినార్ (1591) ఇబ్రహీం కొడుకు మహమ్మద్ కులీది. ఆయనకు కొడుకులు లేరు, కూతురు హయాత్ బక్షీ బేగంను అన్న కొడుకు... కాదు, తమ్ముడి కొడుకు మహమ్మద్‌కే ఇచ్చాడు, 1612లో రాజైంది ఈ అల్లుడే. మసీదు మొదలుపెట్టింది ఈయన, 1694లో పూర్తిచేసింది ఔరంగజేబు. పేర్ల పక్కన పాలించిన ఏళ్లు కూడా రాసుకోండి, మామా అల్లుళ్లు కలిసిపోరు.