అడుగున 6 ఉన్న డబ్బా పారేయకండి

చేతిపని శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. ముక్కలన్నీ తయారుగా వచ్చే కిట్ కొనకుండా, చుట్టుపక్కల దొరికే సరుకుతో అంతరిక్ష నౌకలు, రోబోలు, వేరే గ్రహాల మీద స్థావరాలు, ఇలాంటి కల్పిత నమూనాలు మొదటి నుంచీ సొంతంగా చేయడం ఎలా అని. ఎక్కువ ఉత్తరాలు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచే వచ్చాయి కాబట్టి ఆ ఊళ్లలో దొరికే వస్తువులతోనే చెబుతున్నాను.

ప్రశ్న: మా గుంటడు తొమ్మిదో తరగతి. అడుగు పొడుగు అంతరిక్ష నౌక చేస్తానని పట్టు పట్టాడు. ఇక్కడ షాపుల్లో కిట్లు లేవు, ఆన్‌లైన్‌లో చూస్తే ధరలు మండిపోతున్నాయి. దేంతో మొదలెట్టమంటారు? – ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: సరుకు సంగతి తర్వాత చూద్దామమ్మా, ముందు ఆ నౌక అసలు పొడవెంతో బాబుని తేల్చుకోమనండి. బొమ్మ అడుగే, కానీ అలాంటి నౌక నిజంగా ఉంటే ఎంత ఉంటుంది? 1/72 స్కేల్, అంటే అసలు నౌకలో 72వ వంతు బొమ్మ అనుకుంటే అది దాదాపు 22 మీటర్ల నౌక, దాని పక్కన నిలబడ్డ మనిషి 24 మిల్లీమీటర్లుంటాడు. 1/350 అనుకుంటే అదే బొమ్మ దాదాపు 107 మీటర్ల నౌక అవుతుంది, మనిషి 5 మిల్లీమీటర్లకు దిగిపోతాడు. 1/1000 అయితే నౌక దాదాపు 305 మీటర్లు, మనిషి రెండు మిల్లీమీటర్లు కూడా ఉండడు. మనకు తెలిసిన దాంతో చూడాలంటే, ఇస్రో వారి ఎల్‌వీఎం3 రాకెట్ ఎత్తు సుమారు 43.5 మీటర్లు, దాన్ని 1/144లో చేస్తే ఇంచుమించు అడుగు వస్తుంది. స్కేల్ అనే ఈ ఒక్క అంకె నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకుంటే తలుపెంత, కిటికీ ఎంత, మెట్టు ఎంత అన్నవన్నీ దాన్నుంచే వస్తాయి. రాసుకోకుండా మొదలెడితే ఒక పక్క మనిషి నిలువెత్తు కిటికీ, ఇంకో పక్క పిల్లి కూడా దూరలేని తలుపు తయారవుతాయి, ఎందుకు బాగోలేదో ఎంత చూసినా అర్థం కాదు.

ఇక సరుకు. ఫ్లెక్సీలు వేసే షాపులో సన్‌బోర్డు తునకలడగండి. ఆ షాపులకి మన జిల్లాల్లో కొదవ లేదు, ఎన్నికలూ పుట్టినరోజులూ ఉన్నన్నాళ్లూ ఉండదు కూడా. 3 మిల్లీమీటర్లు, 5 మిల్లీమీటర్ల మందంలో వస్తుంది, మామూలు కట్టర్‌తో తెగుతుంది, ఫెవిక్విక్‌తో గట్టిగా అంటుకుంటుంది. లోపలి అస్థిపంజరం దాంతో చేసుకోవాలి. అది పీవీసీ, కాబట్టి వేడి తీగతోనూ కాల్చిన కత్తితోనూ మాత్రం కోయొద్దు, కాలితే వచ్చే పొగ మంచిది కాదు.

పైన తొడిగే చర్మానికి పాలీస్టైరిన్ అనే ప్లాస్టిక్ షీటు అంత మంచిది ఇంకోటి లేదు. హిప్స్ షీటు అని అడిగితే దొరుకుతుంది, అర మిల్లీమీటరు, ఒక మిల్లీమీటరు మందాలు రెండూ ఉంటే చాలు. దీన్ని కోయక్కర్లేదు, గీసి విరవాలి. స్టీలు స్కేలు గట్టిగా నొక్కిపట్టి, కట్టర్ మొనతో ఒకే గీత మీద రెండు మూడుసార్లు తేలిగ్గా లాగాలి, పిడికిలి బిగించి ఒక్కసారే దింపేద్దామంటే బ్లేడు పక్కకి జారుతుంది. తర్వాత గీత పైవైపుకి ఉండేలా పట్టుకుని రెండు పక్కలా కిందికి వంచితే టిక్కుమని విరుగుతుంది, అంచు తిన్నగా వస్తుంది. విరిగిన చోట చిన్న గట్టు లేస్తుంది, దాన్ని 400 నంబరు గరుకు కాగితం మీద ఒకసారి రుద్దితే పోతుంది. ఈ ఒక్క పని చేయి తిరిగితే సగం విద్య వచ్చినట్టే.

షీటు దొరక్కపోతే పాత సీడీ డబ్బాలున్నాయి కదా, అవీ పాలీస్టైరినే, కాకపోతే పెళుసు. డబ్బా అడుగున త్రికోణంలో 6 అని ఉన్నదేదైనా ఇదే జాతి. మొదటి నౌకకి బైండింగ్ అట్ట, ఫెవికాల్ వాడినా నేనేం వద్దనను.

ప్రశ్న: షాంపూ సీసాని ఇంధన ట్యాంకుగా పెట్టాను సార్. ఫెవిక్విక్ వేస్తే రాత్రికి అంటుకుంది, పొద్దున్నకి ఊడొచ్చింది. మూడు ట్యూబులు దండగ. – ఇంటర్ విద్యార్థి, బొబ్బిలి

జవాబు: ఫెవిక్విక్‌ని తిట్టకు తమ్ముడూ, తప్పు సీసాది. షాంపూ సీసాలు ఎక్కువగా హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్, అడుగున 2 అని ఉంటుంది. టిఫిన్ డబ్బాలు, సీసా మూతలు చాలావరకు పాలీప్రొపిలీన్, అంటే 5. ఈ రెండూ జిడ్డు జాతి, ఏ జిగురూ పట్టదు, రంగు కూడా పెచ్చులుగా లేచిపోతుంది. నంబరు కనబడకపోతే చిన్న ముక్క కోసి బకెట్ నీళ్లలో వెయ్యి. తేలితే అవే, వదిలెయ్. మునిగితే పాలీస్టైరినో, ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టికో, పీవీసీయో, నీళ్ల బాటిళ్లు చేసే పెట్ ప్లాస్టికో అయ్యుంటుంది, వాటితో పని జరుగుతుంది. థర్మోకోల్‌లా బుడగలున్న ముక్కకి ఈ పరీక్ష పనికిరాదు, గట్టి ప్లాస్టిక్‌కే.

మునిగిన ముక్క మీద కనబడని చోట రంగులు పలచన చేసే ఎన్‌సీ థిన్నర్ ఒక చుక్క వేసి చూడు. జిగటగా అయితే పాలీస్టైరిన్ గానీ ఏబీఎస్ గానీ అనుకో, అప్పుడిక జిగురుతో పనే లేదు. రెండు ముక్కలూ పక్కపక్కన అదిమిపట్టి, సన్న బ్రష్షుతో థిన్నర్ అతుకు మీద తాకిస్తే చాలు, సందులోకి దానంతటదే పాకుతుంది, రెండు ప్లాస్టిక్‌లూ కరిగి ఒకటైపోతాయి. ఆరాక విరిస్తే అతుకు దగ్గర కాకుండా పక్కన విరుగుతుంది. పనికిరాని తునకల్ని చిన్న గాజుసీసాలో అదే థిన్నర్‌లో నానబెడితే గంజిలా చిక్కటి ముద్ద వస్తుంది, సందులు పూడ్చడానికి కొన్న పుట్టీ అక్కర్లేదు. కిటికీలన్నీ తీసి పెట్టుకో, దగ్గర్లో దీపం, పొయ్యి ఉండకూడదు, మూత తీసిన సీసా మీద మొహం పెట్టకు.

ఆ షాంపూ సీసా ఆకారమే కావాలంటే దాన్ని అంటించకు, దాని చుట్టూ అర మిల్లీమీటరు షీటు చుట్టి అతుకు, సీసా లోపల ఊరికే అచ్చుగా ఉంటుంది.

ఇంకో మాట. మీ పక్కన గొల్లపల్లిలో పనస కర్రతో వీణలు చెక్కుతారు కదా. కాక్‌పిట్ అద్దం కావాలంటే నున్నగా చెక్కిన చిన్న కర్ర అచ్చు ఒకటి సంపాదించు. నీళ్ల బాటిల్ కోసి ఆ అచ్చుకి తొడిగి, హాట్ ఎయిర్ గన్‌తో చుట్టూ వేడి చేస్తే బాటిల్ ముడుచుకుని కర్రని పట్టేస్తుంది. చల్లారాక కోసి తీస్తే తళతళలాడే అద్దం. దాన్ని నౌకకి అంటించేటప్పుడు మాత్రం ఫెవిక్విక్ వద్దు, దాని ఆవిరికి అద్దం తెల్లగా మసకబారుతుంది, ఫెవికాల్ చాలు.

ప్రశ్న: థర్మోకోల్‌తో గ్రహశకలం చేసి స్ప్రే కొట్టాను. కొడుతుండగానే తినేసినట్టు గుంటలు పడ్డాయి. – ఒక పాఠకుడు, పలాస

జవాబు: స్ప్రే డబ్బాలోని ద్రావకం థర్మోకోల్‌ని కరిగిస్తుంది. అదీ పాలీస్టైరినే, గాలి నింపింది. నీళ్లు కలిపిన ఫెవికాల్ రెండు పూతలు పూసి, పూర్తిగా ఆరాక కొట్టండి, ఎక్కడా సందు వదలొద్దు. అయినా మీది గ్రహశకలం కదండీ, గుంటలుంటే తప్పేంటి? అలాగే ఉంచేసి పైన బూడిదరంగు వేసేయండి.

ప్రశ్న: నౌక పూర్తయింది. కొలతలన్నీ సరిపోయాయి, రంగు బాగా వేశాను. కానీ ఎవరు చూసినా "బొమ్మ బాగుంది" అంటున్నారు. సినిమాల్లోలాగా పెద్దదిగా కనబడాలంటే ఏటి చెయ్యాలి? – ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: ఈసారి వచ్చిన ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది ఇదే. ఫోటో కూడా పంపారు కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను.

మీ నౌక 1/350 అన్నారు. దాని మీద పలకల మధ్య గీతలు ఒక మిల్లీమీటరు లోతున కనిపిస్తున్నాయి. 350తో గుణించండి: 35 సెంటీమీటర్ల కాలువ. అంతరిక్ష నౌక ఒంటి మీద మోకాలి లోతు కాలువలు ఎవరు తవ్వుతారండీ? గీతని గోరుతో తడిమితే తెలీనంత సన్నగా ఉంచండి, లేదా అసలు చెక్కకుండా మెత్తటి పెన్సిల్‌తో గీసి వదిలేయండి. ఉబ్బెత్తు పలకలు కావాలంటే మామూలు ప్రింటు కాగితం అంటించండి, దాని మందం పదో వంతు మిల్లీమీటరు, మీ స్కేల్లో అది మూడున్నర సెంటీమీటర్ల రేకు, నమ్మేలా ఉంటుంది. అంచులు లేవకుండా పైన పలచగా వార్నిష్ పూయండి.

రెండోది, ఆ చిన్నచిన్న యంత్ర భాగాల గజిబిజి. 1977లో వచ్చిన స్టార్ వార్స్ నౌకల మీద కనబడే ఆ గొట్టాలూ పెట్టెలూ చాలావరకు ట్యాంకుల, విమానాల ప్లాస్టిక్ కిట్ల నుంచి తీసి అతికించినవే. మీరు కిట్లు కొననక్కర్లేదు. పాడైన టీవీ రిమోట్, పాత ప్రింటరు లోపలి భాగాలు, కీబోర్డు కింది పలక, పెన్ను స్ప్రింగులు, వాడేసిన రీఫిళ్లు, సిరిమాను సంబరంలో కొన్న బొమ్మలు (వాటి ఆయుష్షు మనకి తెలిసిందే), అన్నీ పనికొస్తాయి. మీరు చేసిన పొరపాటల్లా వాటిని నౌకంతా సమానంగా చల్లడం. ఇంజన్ల దగ్గర, మలుపుల్లో, రెండు భాగాలు కలిసే చోట కిక్కిరిసేలా పెట్టి, మిగతా ఒళ్లంతా ఖాళీగా నున్నగా వదిలేయండి. ఆ ఖాళీయే నౌకని పెద్దది చేస్తుంది. ఇంకోటి, ముక్క చూడగానే ఇది ఫలానా వస్తువు అని తెలిసిపోకూడదు. మీ నౌక వెనక ఉన్నది టూత్‌పేస్ట్ మూత అని నాకు ఫోటోలోనే తెలిసిపోయింది, దాన్ని సగానికి కోసి రెండు చోట్ల పెట్టండి.

అతికించడం అయ్యాక అంతటికీ బూడిదరంగు ప్రైమర్ ఒక పూత. అప్పటిదాకా చెత్తలా కనబడ్డది అప్పుడు ఒకే వస్తువవుతుంది, ఎక్కడ సందు మిగిలిందో, ఎక్కడ జిగురు కారిందో కూడా అప్పుడే బయటపడుతుంది. సన్న సందులకి ఫెవిక్విక్ మీద చిటికెడు వంటసోడా చల్లితే క్షణంలో రాయిలా గట్టిపడుతుంది, పెద్ద వాటికి ఎంసీల్ గానీ, కార్లకి రంగులేసే షెడ్లలో వాడే పుట్టీ గానీ.

రంగు విషయంలో మీరు పాల తెలుపు, నిగనిగలాడే నలుపు వాడారు. దూరంగా ఉన్న పెద్ద వస్తువు రంగు ఎప్పుడూ కాస్త వెలిసినట్టే కనబడుతుంది, రామతీర్థం కొండని దూరం నుంచి చూసినప్పుడు ఆకుపచ్చ ఎలా బూడిదరంగులోకి తిరుగుతుందో గమనించండి. నలుపు బదులు ముదురు బూడిద, తెలుపులో చిటికెడు బూడిదో గోధుమరంగో కలపండి. మెరుపు అసలొద్దు, చివరగా మ్యాట్ వార్నిష్ వేయండి.

తర్వాత మురికి. ఆక్రిలిక్ రంగు బాగా ఆరాక, ముదురు గోధుమ ఆయిల్ రంగుని టర్పెంటైన్‌లో నీళ్లలా పలచన చేసి, బ్రష్షు మొనని గీత మీద ఊరికే తాకించండి, గీత వెంట తనే పరిగెడుతుంది. పైన మిగిలింది కాటన్ బడ్‌తో ఒకే దిక్కుకి తుడవాలి. ఇక్కడ చాలామంది చేసే పని నాకు అసలు గిట్టదు: ఎప్పుడూ నేల మీద దిగని నౌకకి ఎర్రటి తుప్పు చారలు, వానకి కారిన మరకలు పెట్టడం. గాలీ నీరూ లేని చోట ఇనుము ఎలా తుప్పు పడుతుంది? వాతావరణంలోకి దిగే నౌకయితే పొట్ట కింద కాలిన మచ్చలు పెట్టండి, దిగనిదయితే ఇంజన్ల దగ్గర మాడిన రంగు, మార్చిన కొత్త పలకలు ఒకటి రెండు వేరే ఛాయలో, అంతే.

ప్రశ్న: నౌకలో లైట్లు పెట్టాలి. 9 వోల్టుల బ్యాటరీకి కలపగానే ఎల్‌ఈడీ ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. పైగా కిటికీల్లోంచి కాకుండా గోడంతా వెలుగుతోంది. – పాలిటెక్నిక్ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: తెల్ల ఎల్‌ఈడీకి మూడు వోల్టుల చుట్టుపక్కల చాలు. 9 వోల్టులకి, కరెంటుని అదుపు చేసే 330 ఓమ్స్ రెసిస్టర్ ఒకటి వరసలో పెడితే 18 మిల్లీఆంపియర్లు వెళ్తుంది. నన్నడిగితే ఒక కిలో ఓమ్ పెట్టు, వెలుతురు తగ్గుతుంది, నమూనాకి అదే అందం. ప్రతి ఎల్‌ఈడీకి దాని రెసిస్టర్ దానికే ఉండాలి, ఒక్కదాన్నే అన్నిటికీ పంచొద్దు.

గోడ వెలగడానికి కారణం ప్లాస్టిక్ పలచన కావడం. పై రంగు ఎన్ని పూతలేసినా లాభం లేదు, లోపలివైపు ముందు నలుపు, దాని మీద తెలుపు పూయాలి. నలుపు కాంతిని ఆపుతుంది, తెలుపు లోపల చెదరగొడుతుంది. పెట్టె మూసేముందు చీకటి గదిలో వెలిగించి అతుకులన్నీ చూసుకో. చిన్న కిటికీలకి, లోపలి వెలుతురుని కొస దాకా మోసే అర మిల్లీమీటరు ఫైబర్ ఆప్టిక్ పోగులు తీసుకుని, అంతే రంధ్రం చేసి దూర్చి, ఫెవికాల్ చుక్కతో నిలబెట్టు, రంగు వేశాక బయటి కొస సమానంగా కోసెయ్. 1/1000లో ఆ పోగు అర మీటరు కిటికీ అవుతుంది, లెక్క సరిపోయింది. అదే పోగు 1/72లో పెడితే మూడున్నర సెంటీమీటర్లే, దాన్ని కిటికీ అనకుండా సిగ్నల్ దీపం అనుకోవాలి.

ప్రశ్న: 3డీ ప్రింటర్లు వచ్చాక ఇంకా చేత్తో కోయడం దేనికి? – ఒక పాఠకుడు, రాజాం

జవాబు: ప్రింటరుంటే వాడండి. ఒకే రకం ఇంజన్ గొట్టాలు ఎనిమిది కావాలంటే దానికి మించింది లేదు. పెద్ద చదును పలకలకి మాత్రం షీటు గీసి విరవడమే తొందరగా అవుతుంది, ప్రింటరు వదిలే పొరల గీతలు రుద్దుకుంటూ కూర్చునే బాధ ఉండదు.

ప్రశ్న: వానాకాలంలో స్ప్రే వేస్తే రంగు మీద తెల్లటి పొగమంచులా వచ్చింది. మొత్తం గీకేయాలా? – ఒక పాఠకురాలు, టెక్కలి

జవాబు: గీకొద్దండీ, టెన్షన్ పడకండి. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడుతుంది, గాలిలో తడి ఎక్కువుంటే అక్కడే చెమ్మ పట్టి రంగులో చిక్కుకుంటుంది. తీరం దగ్గర ఊళ్లకి ఇది తప్పదు. ఎండ కాసిన మధ్యాహ్నం వరకు ఆగి, రంగుల షాపులో యాంటీ బ్లష్ థిన్నర్ అడిగి తెచ్చి, స్ప్రే గన్ ఉన్నవాళ్ల చేత పలచగా ఒక్క విసురు వేయించండి, చాలాసార్లు తెలుపు దానంతటదే పోతుంది. పాలీస్టైరిన్ నౌకయితే దూరం నుంచి, తడి నిలవకుండా వేయాలి, లేకపోతే కింది ప్లాస్టిక్ మెత్తబడుతుంది. అక్టోబరులో వాయుగుండం వార్తలు మొదలైతే స్ప్రే డబ్బా లోపల పెట్టేసి, నీళ్ల ఆక్రిలిక్ రంగులు బ్రష్షుతో వేసుకోండి, ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది గానీ తెల్లబడే గొడవ ఉండదు.