మూట ఎక్కడ ఆగిందో ముందు చూడండి – కుట్టు పని ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అక్కా, మాది కావలి. పెళ్ళికి ముందే కుట్టు నేర్చుకున్నా, మిషన్ కూడా ఉంది, కాళ్ళతో తొక్కేది, మా అత్తగారిది. బలే హుషారుగా మొదలుపెడతా గానీ ఏదీ పూర్తవదు. బీరువా పైన మూటలు పేరుకుపోయాయి. చేతులు పెట్టని జాకెట్లు రెండు, పాపకని కత్తిరించిన పట్టు పావడా, కుర్చీ కవర్లు, వెంకటగిరి చీరలో వచ్చిన బ్లౌజు గుడ్డకి లైనింగు కూడా తెచ్చి అట్టే పెట్టేశా. ఇంట్లో వాళ్ళు "మళ్ళీ కొత్త గుడ్డా" అంటా ఉంటే మనసు చివుక్కుమంటాది. నాకే ఓపిక లేదంటారా?

జవాబు: ఓపిక లేని మనిషి జాకెట్టు కత్తిరించి, డాట్లు (ఒంటికి అమరేదానికి వేసే కోసు మడతలు) వేసి, మెడ తిప్పి చేతుల దాకా రాదమ్మా. ఆ మాట మనసులోంచి తీసేయ్. నీ ఉత్తరంలోనే ఉంది సమాధానం, రెండు జాకెట్లూ చేతుల దగ్గరే ఆగాయి, అంటే నీకు కుట్టు రాక కాదు, చేతులు ఎక్కించేది ఒక్కటే రవంత భయం. ఏ ఇంట్లో మూట విప్పినా నాకు ఇదే కనపడతాది, పని మొత్తం ఆగదు, ఒక్క మెట్టు దగ్గర ఆగుతాది, ఆ మెట్టు ఏందో తెలుసుకోకుండా మూట కట్టేస్తాం, మళ్ళీ విప్పినప్పుడు మొత్తం కొత్తగా అర్థం చేసుకోవాలి గనక విప్పబుద్ధి కాదు, దానికంటే కొత్త గుడ్డ కత్తిరించేది సుఖంగా ఉంటాది.

అందుకని ఒక మధ్యాహ్నం కుట్టేది ఏమీ పెట్టుకోకుండా మూటలన్నీ మంచం మీద పొయ్యి. ఒక్కోదాన్ని చూసి చిన్న చీటీ మీద తర్వాత చేయాల్సిన పని ఒక్కటే రాసి పిన్నీసుతో గుడ్డకే గుచ్చు. "బ్లౌజు పూర్తి చేయాలి" అని రాయొద్దు, అది పని కాదు. "ఎడమ చెయ్యి ఎక్కించాలి", "హుక్సు పట్టీ మడవాలి", అట్టా రాయి. దానికి సరిపోయే దారం, హుక్సు, లైనింగు, పైపింగు అన్నీ అదే కవర్లో పడెయ్, ఏదన్నా తక్కువైతే అది కూడా చీటీ మీదే రాయి, మ్యాచింగ్ సెంటరుకి పోయినప్పుడు అన్నీ కలిపి ఒకేసారి తెచ్చుకోవచ్చు. ఆ తర్వాత ఒకే చోట ఆగినవి పక్కపక్కన పెట్టు. చేతులు కావాల్సినవన్నీ ఒక వరస, హెమ్మింగు కావాల్సినవన్నీ ఒక వరస. చేతులు పెట్టే రోజు నాలుగు చేతులూ పెట్టేయాలి, మొదటి చెయ్యి తిప్పలు పెట్టినా నాలుగోది ఎక్కించేసరికి భయం పోతాది.

ఇక ఆ చేతుల సంగతి కాస్త వివరంగా చెప్తా. చెయ్యి పై వంపు పొడుగు చంక వంపు కంటే రవంత ఎక్కువుంటాది, అర ఇంచి దాకా ఉన్నా తప్పు కాదు, చాలామంది అది చూసి తప్పు కత్తిరించాం అనుకుని కోసేస్తారు, కోయొద్దు. చెయ్యి గుడ్డ మధ్యకి మడిచి పైన చిన్న గాటు పెట్టు, ఆ గాటు భుజం కుట్టు మీదకి రావాలి. చేతిలో ఎక్కువ లోతుగా తీసిన వైపు ముందు భాగానికి, తక్కువ లోతు వైపు వీపుకి. ఇది తారుమారైతే చెయ్యి ఎత్తినప్పుడు పట్టేస్తాది, ఎన్నిసార్లు విప్పి కుట్టినా సరిపోదు. పక్క కుట్లు వేయకముందే, గుడ్డ పరిచినట్టు ఉన్నప్పుడే, గాటు దగ్గర మొదలుపెట్టి ఒక వైపు చివరి దాకా, మళ్ళీ గాటు దగ్గర్నుంచి రెండో వైపు కుట్టు. ఒక చివర్నుంచి ఇంకో చివరికి లాక్కుంటా పోతే మిగిలిన గుడ్డంతా ఒకే చోట ముడత పడతాది. ముందు చేత్తో టాకాలు, అంటే తర్వాత తీసేసే వదులు కుట్లు, వేసుకుంటే ఇంకా మంచిది, పది నిమిషాల పని, మళ్ళీ విప్పే తిప్పలు తప్పుతాయి.

పావడాకి కుచ్చు దగ్గర ఆగుంటావ్. మిషన్‌లో కుట్టు బాగా పెద్దది పెట్టి, అంచు నుంచి పావు ఇంచి లోపల ఒక లైను, అర ఇంచి దగ్గర ఇంకో లైను వేసి, చివర్లో దారాలు వదిలెయ్. కింద బాబిన్ (మిషన్ అడుగున పెట్టే చిన్న దారపు రీలు) దారాలు రెండూ కలిపి మెల్లగా లాగితే కుచ్చు దానంతటదే వస్తాది, రెండు లైన్లు ఉంటే సమానంగా కూడా పడతాది. పట్టు మీద సూది బొక్కలు కనపడతాయి గదా, అందుకే ఆ లైన్లు నడుం పట్టీ లోపలికి పోయే భాగంలోనే ఉండాలి. కింద అంచు పైన లోపలికి రెండు మడతలు కుట్టి ఉంచు, పాప పెరిగే కొద్దీ ఒక్కోటి విప్పుకోవచ్చు, మన పెద్దోళ్ళు ఒకే పావడా రెండు మూడేళ్ళు కట్టించింది అట్టాగే.

వెంకటగిరి గుడ్డ మాత్రం తొందరపడి కత్తెర పెట్టొద్దు. జిల్లాలు మారి వెంకటగిరి ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్నా ఆ నేత మన నెల్లూరోళ్ళకి ఎప్పటికీ సొంతమే, నాకు దాని మీద ప్రేమ ఎక్కువ గనక చెప్తున్నా. 100 కౌంటు నూలు, కౌంటు పెరిగే కొద్దీ పోగు సన్నమవుతాది, ఇది బాగా సన్నం, గంజి పెట్టి ఉంటాది. ముందు మామూలు నీళ్ళలో నానబెట్టి గంజి పోగొట్టి, పిండకుండా నీడలో ఆరేసి, తడి పూర్తిగా ఆరకముందే ఇస్త్రీ చేసి అప్పుడు కత్తిరించు. లైనింగు కూడా తడపాల్సిందే, అది తడపకుండా కుడితే మొదటి ఉతుకుడికే లోపల కుంచించుకుపోయి పైగుడ్డ ఉబ్బుతాది. జాందానీ బుటా, అంటే నేతలోనే వేసిన పువ్వు, ఉంటే రెండు వైపులా ఒకేలా కనపడతాది, ఏది పైవైపో మర్చిపోతాం, కత్తిరించిన ప్రతి ముక్క లోపలి వైపూ సుద్దతో గుర్తు పెట్టు. సూది 11 నంబరు వాడు, 14 పెడితే బొక్కలు పడతాయి.

ఇంకో మాట. మిషన్ మీద నుంచి లేచేటప్పుడు ఒక కుట్టు పూర్తి చేసి లేవడం అందరికీ అలవాటు, నేను మాత్రం తర్వాతి ముక్క పిన్నులు పెట్టి, ఫుట్ (గుడ్డని నొక్కి పట్టే మిషన్ పాదం) కింద పెట్టి లేవమంటా. మళ్ళీ కూర్చోగానే తొక్కేది ఒక్కటే, ఆలోచించే పని లేదు. పిల్లలు స్కూలుకి పోయాక దొరికే అరగంటలో పావుగంట వెతుకులాటకే పోతా ఉంటే ఏ పనన్నా ఎట్టా ముందుకు పోతాది చెప్పు. ఇంట్లో వాళ్ళకి ఏ సమాధానమూ చెప్పక్కర్లా, చేతులు పెట్టిన జాకెట్టు తొడుక్కుని ఒకసారి వాళ్ళ ముందు తిరుగు.

ప్రశ్న: మేడమ్, పొదిలి నుంచి రాస్తున్నా. మా అమ్మ పాత చీరలు నాలుగు కలిపి బొంత కుడదామని కూర్చున్నా. సగం కుట్టాక చూస్తే కింద చీర ఒక పక్కకి జరిగిపోయి ముడతలు పడింది. మిషన్ మీద లాగితే ఇంకా ఎక్కువ జరిగిద్ది. విప్పెయ్యాలా, వదిలెయ్యాలా? అమ్మ చీరలు కాబట్టి పారెయ్యబుద్ధి కావట్లేదు.

జవాబు: పారెయ్యొద్దమ్మా, విప్పు, కానీ అంతా కాదు. ముడత ఎక్కడ మొదలైందో చూసి ఆ లైన్ల వరకే విప్పు, పాత చీర గనక బ్లేడుతో లాగకుండా ప్రతి మూడో కుట్టు కత్తెర మొనతో తెంపితే దారం దానంతటదే వచ్చేస్తాది, గుడ్డ చినగదు.

జరగడానికి కారణం అంచు నుంచి మొదలుపెట్టడం. బొంత ఎప్పుడూ నడిమధ్య నుంచి బయటికి కుట్టాలి, అప్పుడు వదులుగా ఉన్న గుడ్డ అంచులకి నెట్టుకుంటా పోతాది, చివర కోసేసి పట్టీ వేసుకోవచ్చు. నేల మీద నాలుగు పొరలూ పరిచి చేత్తో సాపు చేసి, మధ్యలోంచి నాలుగు దిక్కులకీ పొడుగు పొడుగు టాకాలు వేసుకో. ఇది చేయకుండా బొంత జోలికి పోవద్దని నేను గట్టిగానే చెప్తా. తర్వాత బెత్తెడు ఎడంగా లైన్లు పెట్టుకుని దూరం కుట్టు, అంటే సూది పైకీ కిందకీ గుచ్చుకుంటా పోయేది, వెయ్, పొరలు మందంగా ఉంటే దబ్బనం, లేకపోతే పొడుగు సూది. చేత్తో కుడితే ఆలస్యం అవుతాది గానీ చేతి బొంత మెత్తగా ఉంటాది, మిషన్ కుట్టు గట్టిపడతాది. బాగా చివికిపోయిన చీర మధ్య పొరల్లో పెట్టు, గట్టిగా ఉన్నవి పైనా కిందా. చీర మొత్తం ఒకేసారి కుట్టలేనంటే ఊయల బొంత సైజుకి నాలుగు ముక్కలుగా చేసుకుని తర్వాత కలుపుకో, ఒళ్ళో పట్టేంత ఉంటే టీవీ చూస్తా కూడా కుట్టుకోవచ్చు. కొంగు భాగం మాత్రం పైకి కనపడేట్టు పెట్టు తల్లీ, అమ్మ చీర అని తెలిసేది అక్కడే.

ప్రశ్న: కోవూరు. మిషన్ మీద పైన కుట్టు బానే ఉంది, కింద దారం అంతా ఉచ్చులు ఉచ్చులుగా వస్తాంది. బాబిన్ మార్చా, బాబిన్ కేసు మార్చా, తగ్గలా. రిపేరుకి ఇవ్వాలా?

జవాబు: ఇప్పుడే ఇవ్వొద్దు. కింద ఉచ్చులు పడితే తప్పు ఎక్కువసార్లు పై దారంలోనే ఉంటాది, అందరూ కింద వెతుకుతారు. ఫుట్ పైకెత్తి పై దారం మొత్తం తీసి మళ్ళీ మొదట్నుంచి ఎక్కించు, టెన్షన్ బిళ్ళల (పై దారాన్ని బిగించి పట్టే గుండ్రటి రేకులు) మధ్యలోకి దారం సరిగ్గా దిగిందో లేదో చూడు, ఆ బిళ్ళల మధ్య పోగులు ఇరుక్కుని ఉంటే గుడ్డ పేలికతో లాగెయ్. సూది మార్చు, ఎనిమిది గంటలు కుట్టాక మార్చేది మంచిది, మనం విరిగే దాకా వాడతాం. అంతా అయ్యాక పేలిక గుడ్డ మీద కుట్టి చూసి, అప్పటికీ తగ్గకపోతే టెన్షన్ రవంత బిగించు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు, గాలిలో తేమకి ఇనుప భాగాలు తుప్పు పడతాయి, ఆ నెలల్లో మిషన్ కుట్టకపోయినా చుక్క మిషన్ నూనె వేసి కాసేపు తిప్పి కప్పి పెట్టు. కొబ్బరినూనె వేసే వాళ్ళున్నారు, అది జిడ్డు కట్టి బిగుసుకుపోతాది, వద్దు.

ప్రశ్న: ఒంగోల్లో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నా. నేను అబ్బాయిని, కుట్టు నేర్చుకోవాలని ఉంది గానీ మిషన్ లేదు, రూమ్‌లో నవ్వుతారేమో అని కూడా ఉంది. ఏదన్నా చిన్నది, పూర్తయ్యేది చెప్పండి.

జవాబు: నవ్వనీయ్ నాయనా, బజార్లో టైలర్లు ఎంతమంది మగాళ్ళో చూడు. నీకు నచ్చి చేస్తున్నావు, అది చాలు.

పాత చొక్కాతో దిండు గలీబు కుట్టు. చొక్కా బొత్తాలన్నీ పెట్టి తిరగేసి నేల మీద సాపుగా పరువు, బొత్తాల పట్టీ మధ్యలోకి వచ్చేట్టు దిండు కొలత పెట్టుకుని నాలుగు పక్కలా ముప్పావు ఇంచి ఎక్కువ వదిలి ముందూ వెనకా కలిపి ఒకేసారి కత్తిరించు. బొత్తాల పట్టీయే దిండు పెట్టేదానికి దారి, జిప్పు అక్కర్లా, కాజాలు కుట్టక్కర్లా. జేబు పైకి వస్తే రానీయ్, ఫోను పెట్టుకోవచ్చు. నాలుగు పక్కలా వెనక్కుట్టు వెయ్, అంటే సూది ఒక కుట్టు వెనక్కి గుచ్చి రెండు కుట్ల ముందు తీయాలి, దూరం కుట్టు కంటే గట్టిగా ఉంటాది, దిండు లాగినా పిగలదు. రోజుకి ఒక పక్క చొప్పున కుట్టు. మూలల దగ్గర రెండు మూడు కుట్లు ఒకదాని మీద ఒకటి వేసి, తిరగేసే ముందు మూల కొసలు కత్తిరించు, లేకపోతే మూల మొద్దుగా వస్తాది. బొత్తాలు రెండు విప్పి అందులోంచి చెయ్యి పెట్టి తిరగెయ్.

అది అయ్యాక ఇంకో చొక్కా ఉంటే గోడకి తగిలించుకునే సంచి ఎట్టాగో వచ్చే నెల చెప్తా, మూల దగ్గర ఎట్టా వచ్చిందో రాయి.